హాజరు సంతకం

హైదరాబాద్,
జనవరి 19.

మామయ్యకూ అత్తయ్యకూ,
వినీల వందనాలు.

క్రిస్మస్‌కి వచ్చి వెళ్లాక ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి మళ్లీ పెట్టేశాను. నేను ఇక్కడినుంచి అరవడం, మీరు అటునుంచి "ఆఁ, సరేనమ్మా" అనడం తప్ప ఒక్క మాటా చేరడం లేదు. కుడిచెవి దగ్గర అత్తయ్య చెబితే తప్ప మీకు వినపడటం లేదని నాకు తెలుసు. ఫోన్లో అక్షరాలేమో మీకు ఆనవు. అందుకే ఇలా కాయితం మీద పెద్ద పెద్దగా రాస్తున్నాను. మీరూ ఇలాగే రాయండి.

ఒక మంచి వార్త. మా సంస్థకి బెజవాడ పని వచ్చింది. ఎండలు ఏటికేడు ఎలా ముదురుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాలవల వెంట చెట్లు పెంచడం, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారి వెయ్యడం, కరెంటు బస్సులు తిప్పడం, ఇలా మొత్తం నగరానికి పదేళ్ల ప్లాను. మొదటి ముక్క మన గట్టే. లాకుల దగ్గర్నుంచి రైలు వంతెన దాకా.

మీటింగులో నేను ఒక్క మాట మీద పట్టుబట్టాను. ఇలాంటివన్నీ ఏసీ గదుల్లో గీస్తారు, తర్వాత అక్కడి జనానికి బోర్డు పెట్టి చూపిస్తారు. ఈసారి గట్టు మీద ఉండేవాళ్లే గీయాలన్నాను. మా హెడ్ దుర్గాప్రసాద్ గారు నవ్వి, "మీ ఊరే కదమ్మా, అట్టాగే చేద్దాం" అన్నారు.

ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు గట్టు మీదే మీటింగులు. నా నెత్తిన ఇంకో రెండు ఊళ్ల పని ఉంది, రాలేను. మా ఆఫీసు నుంచి జెస్సికా వస్తుంది. మీరు ముందుండి అందరినీ పిలవాలి మామయ్యా. ముప్పై రెండేళ్లు లస్కరుగా ఆ కాలవ షట్టర్లు ఎత్తి దించిన మనిషి పిలిస్తే వస్తారు. ఆఫీసు వాళ్లు పిలిస్తే రారు.

అత్తయ్య డయాలసిస్‌కి ఇంకా నడిచే వెళ్తోందా? పది నిమిషాల దారే అయినా ఆటో ఎక్కమని చెప్పండి.

వినీల


కాలవ గట్టు, విజయవాడ,
ఫిబ్రవరి 24.

తల్లీ వినీలా,
మామయ్య దీవెనలు.

మీటింగులు మూడూ అయ్యాయి. నువ్వు చూసి ఉంటే బాగుండేది.

మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. వాళ్లూ టీ కోసం వచ్చినవాళ్లే. నాకు సిగ్గేసింది. ఆ వారమంతా ఇంటింటికీ తిరిగాను. నాకు వినపడదు కాబట్టి వాళ్లు ఏ సాకు చెప్పినా నా ముందు పనిచెయ్యలేదు. రెండో ఆదివారం చర్చిలో పూజ అయ్యేసరికి షామియానా నిండిపోయింది.

జెస్సికా పెద్ద అచ్చు మ్యాపు తెచ్చి తాడుకి వేలాడదీసింది. అందులో మన గట్టు బెత్తెడు ఉంది. ఆడవాళ్లు కాసేపు చూసి సెల్‌ఫోన్లు తీశారు. అప్పుడు మీ అత్తయ్య లేచి ఇంట్లోకి వెళ్లి ముగ్గు డబ్బా తెచ్చింది. కింద పొడుగ్గా రెండు గీతలు గీసి, "ఇది కాలవ. ఇది మా గుమ్మం. ఇదిగో, ఇక్కడ మధ్యాన్నం రెండింటికి నిలబడు, ఎండంటే ఏంటో తెలుస్తది" అంది జెస్సికాతో. ఈ ముక్కలన్నీ తర్వాత నా చెవిలో చెప్పింది. పదిమందిలో ఆమె నోరు విప్పడం నేను చూడటం అదే మొదలు. ఆమె కూర్చోగానే ముగ్గు డబ్బా కోసం చేతులు చాచారు. ఎవరింటి ముందు నీళ్లు నిలుస్తాయో, బస్సు కోసం ఎక్కడ మాడిపోతారో, ఏ మెట్లు పాచిపట్టి జారుతాయో అంతా నేల మీదికి వచ్చింది. జెస్సికా మోకాళ్ల మీద కూర్చుని ఫోటోలు తీసుకుంది.

చివరికి తేల్చినవి ఇవి. నేను నాటిన గానుగ చెట్లు పద్నాలుగూ ఉండాలి. సైకిలు దారి అవతలి గట్టు మీద వెయ్యాలి, ఎందుకంటే ఇవతల మా గుమ్మాలు నేరుగా దాని మీదికే తెరుచుకుంటాయి, పిల్లలకి దెబ్బలు తగులుతాయి. బస్టాపు నీడలోకి జరపాలి. పెద్దాసుపత్రికి నడిచి వెళ్లేవాళ్లకి దారిలో రెండు చోట్ల కూర్చోడానికి బల్లలు వెయ్యాలి. ఆ చివరిది మీ అత్తయ్య అడిగింది.

మూడో ఆదివారం జెస్సికా రిజిస్టరులో సంతకాలు తీసుకుంది. చౌడయ్య నీకు తెలుసుగా, మగ్గం మానేసి సైకిలు మీద చీరలు అమ్ముకునే ఆయన. ఆయన పుస్తకం తిప్పి చూసి, "పైన ఏమీ రాసి లేదేంటమ్మా? దేనికి ఈ సంతకం?" అని అడిగాడట. హాజరు కోసమేనండీ అందట ఆ పిల్ల. ఆయన నా వంక చూశాడు. నేను ఆయన భుజం మీద చెయ్యేసి, "మా పిల్ల చేయిస్తున్న పని చౌడయ్యా, పెట్టు" అన్నాను. పెట్టాడు. ఆయన పెట్టాక మిగతావాళ్లంతా పెట్టారు. మొత్తం నూట పన్నెండు మంది.

ముగ్గు మూడురోజుల దాకా ఎవరూ చిమ్మలేదు. మీ అత్తయ్య ఆసుపత్రికి దాని పక్కనుంచే నడిచి వెళ్లేది.

మామయ్య


హైదరాబాద్,
ఏప్రిల్ 20.

మామయ్యకూ అత్తయ్యకూ వందనాలు.

జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. పని బాగా ఎక్కువైంది.

అత్తయ్య ముగ్గు మ్యాపు ఫోటో ఇక్కడ అందరికీ చూపించాను. చాలా మెచ్చుకున్నారు. రిపోర్టు మొదటి పేజీలో వేశారు. ఇంతమంది పాల్గొన్న మీటింగులు వేరే ఏ నగరంలోనూ జరగలేదని దుర్గాప్రసాద్ గారు పైవాళ్లకి చెప్పారు.

ఇలాంటి పెద్ద పనుల్లో కొన్ని మార్పులు ఉంటూ ఉంటాయి. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ఎవరైనా ఏదైనా చెబితే కంగారు పడకండి. నేను ఇక్కడ చూసుకుంటున్నాను.

అత్తయ్య మెట్లు ఎక్కగలుగుతోందా? ఊరికే అడుగుతున్నాను. డయాలసిస్ వేరే ఆసుపత్రికి మార్పించుకోవడం కుదురుతుందేమో డాక్టరుగారిని ఒకసారి కనుక్కోండి.

ఈస్టర్‌కి రాలేకపోయాను. ఎండలో తిరగకండి.

వినీల


కాలవ గట్టు, విజయవాడ,
మే 18.

వినీలా,

కాలవకి నీళ్లు కట్టేశారు. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. మంగళవారం పొద్దున ఇద్దరు మనుషులు ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వచ్చి మన తలుపు మీద 37 అని రాశారు. వరసగా అన్ని తలుపుల మీదా అంకెలు వేశారు. గానుగ చెట్లలో తొమ్మిదింటికి తెల్లటి పట్టీ వేశారు. అది కొట్టేసేవాటికి వేసే గుర్తట.

ఏంటిది అని అడిగితే శుక్రవారం జెస్సికా ఫైలు తీసుకుని వచ్చింది. పాపం, ఆ పిల్ల మొహం మాడిపోయి ఉంది. సైకిలు దారి ఇవతలి గట్టు మీదే వస్తుందనీ, ఇళ్లు తీసేసి పార్కు వేస్తారనీ, మమ్మల్ని హనుమాన్ జంక్షన్ అవతల కట్టిన కొత్త కాలనీకి పంపుతారనీ చెప్పింది. "మీరంతా ఒప్పుకున్నదేగా అంకుల్" అని కాయితం తెరిచింది. మొదటి పేజీలో అచ్చులో, "గట్టు నివాసితులు ప్రణాళిక వివరాలు తెలుసుకొని, వేరే గృహసముదాయానికి మారుటకు సమ్మతించిరి" అని ఉంది. దాని వెనక మన సంతకాలు ఉన్నాయి. నా సంతకం ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసిన మీ అత్తయ్య పేరు ఉంది. దాని కింద చౌడయ్య పేరు ఉంది.

చౌడయ్య ఆ కాయితం రెండుసార్లు చదివాడు. నన్నేమైనా అంటాడని చూశాను. నాకు అర్థమయ్యేలా మెల్లగా పెదాలు కదిపి, "ఆ రోజే అడిగాను కదా శౌరన్నా" అన్నాడు. అంతే. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

మమ్మల్ని ఎవరూ తిట్టడం లేదు. కుళాయి దగ్గర మీ అత్తయ్య వెళ్తే పక్కకి జరిగి చోటిస్తున్నారు. ఆమె బిందె నిండేదాకా ఎవరూ మాట్లాడటం లేదు. నిన్న ఆమె కుళాయికి వెళ్లలేదు. నేనే వెళ్లాను. నాకైతే వాళ్లు మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే.

ఏప్రిల్లో నువ్వు మెట్ల సంగతి అడిగావు. వేరే ఆసుపత్రి సంగతి అడిగావు. ఆ ఉత్తరం నిన్న మళ్లీ చదివాను.

నీకు ముందే తెలుసా? అవునో కాదో రాయి. వేరే ఏమీ రాయక్కర్లేదు.

బాలశౌరి


హైదరాబాద్,
జూన్ 2.

మామయ్యా,

అవును.

వేరే ఏమీ రాయొద్దన్నారు. కానీ రాయకుండా ఉండలేను.

మార్చి మొదటి వారంలో తెలిసింది. అవతలి గట్టు మీద స్థలం వేరేవాళ్ల చేతుల్లో ఉంది, అక్కడ దారి వెయ్యడం కుదరదన్నారు. ఇవతల వెయ్యాలంటే ఇళ్లు తియ్యాలి. ఇళ్లు తియ్యాలంటే అంగీకారం కావాలి. "మీటింగుల్లో సంతకాలు ఉన్నాయిగా" అన్నారు దుర్గాప్రసాద్ గారు. అవి హాజరు సంతకాలండీ అన్నాను. "వచ్చారు, విన్నారు, అభ్యంతరం చెప్పలేదు. దాన్ని ఇంకేమంటారమ్మా?" అన్నారు.

నేను వాదించాను. ఒక పూటంతా వాదించాను. సాయంత్రానికి ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. మీరు చదివిన ఆ వాక్యం నేనే టైపు చేశాను మామయ్యా. నేను చెయ్యకపోతే పక్క సీట్లో అమ్మాయి చేసేది. ఆ మాట అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను, ఇప్పుడు చెప్పుకోలేకపోతున్నాను. ఫైలు నా చేతిలో ఉంటే తర్వాతి దశలో మార్పించగలనని నమ్మాను. కనీసం కాలనీ అయినా కంకిపాడు వైపు, దగ్గర్లో ఇప్పిద్దామనుకున్నాను. ఏదీ కాలేదు. ఆ చివరి ఆదివారం నేను అక్కడ ఉండి ఉంటే ఆ పుస్తకంలో పైన "హాజరు" అని రాయించేదాన్ని. అక్కడ లేకపోవడం కూడా నా తప్పే.

అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ రోజు నుంచీ నాకు అన్నం పెట్టి చదివించిన ఇంటి తలుపు మీద ఆ అంకె పడటానికి నేనే కారణం. క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

అత్తయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించండి. లేదా వద్దు. మీ ఇష్టం. ఆమె ఎలా ఉందో మాత్రం రాయండి.

వినీల


కొత్త కాలనీ, హనుమాన్ జంక్షన్ అవతల,
ఆగస్టు 20.

వినీలకు,

జులై పదో తారీఖున ఇక్కడికి వచ్చాం. ఇల్లు నాలుగో అంతస్తులో ఇచ్చారు. గోడలు కొత్తవి. లిఫ్టు కొన్ని రోజులు నడుస్తుంది. కిటికీలోంచి చూస్తే హైవే మీద లారీలు కనపడతాయి. గట్టు మీద వాళ్లలో మా మెట్ల వరసలో ఎవరూ లేరు. చౌడయ్య ఇల్లు తీసుకోలేదు. బెజవాడలోనే కొండ మీద గది అద్దెకి తీసుకున్నాడని విన్నాను.

జూన్ నుంచి నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ అందాయి. మూడింట్లోనూ అత్తయ్య ఎలా ఉందని అడిగావు. ఆమె గురించి నువ్వు ఇంక దిగులు పడనక్కర్లేదు.

నాకు రాయడానికి ఏమీ లేదు.

బాలశౌరి


విజయవాడ,
సెప్టెంబరు 21.

మామయ్యకూ అత్తయ్యకూ వందనాలు.

పై చిరునామా చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. ఉద్యోగం మానేశాను. గుణదలలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను.

రాగానే గట్టుకి వెళ్లాను. ఇళ్ల జాడే లేదు. నున్నటి దారి వేశారు, చుట్టూ ఇనప కంచె పెట్టారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గేటు తెరుస్తారట. మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను నేను. తాళం వేసి ఉంది. లోపల ఐదు గానుగ చెట్ల కింద నీడ ఉంది, మనుషులు లేరు. ఆసుపత్రికి వెళ్లే ముసలాయన ఒకాయన కంచె పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి వచ్చాను.

తర్వాత చౌడయ్య గారిని వెతుక్కుంటూ వెళ్లాను. తలుపు మొహాన వేస్తారనుకున్నాను. కూర్చోమని నీళ్లు ఇచ్చారు. "ఇప్పుడు నీవల్ల ఏమవుద్దమ్మా?" అని అడిగారు. ఏమవుతుందో తెలియదు బాబాయ్ గారూ, జరిగింది మాత్రం చెబుతాను అన్నాను. ఆ సంతకాలు ఎలా తీసుకున్నారో, ఆ వాక్యం ఎవరు ఎప్పుడు టైపు చేశారో, తేదీలతో సహా మొత్తం కాయితం మీద పెట్టి సంతకం చేసి ఆయనకిచ్చాను. రైలు వంతెన అవతల ఇంకో రెండొందల ఇళ్లకి ఇలాగే ఫైలు సిద్ధమైంది. వాళ్లూ చౌడయ్య గారూ కలిసి అర్జీ పెట్టారు. అక్టోబరు 14న కళ్యాణమండపంలో బహిరంగ విచారణ పెట్టారు. నేను అందరి ముందూ చెబుతాను.

మీరిద్దరూ రావాలని అడిగే హక్కు నాకు లేదు. వస్తే బాగుండునని ఉంది. అత్తయ్యకి కష్టమైతే కారు మాట్లాడతాను, మెట్ల దగ్గరికే వచ్చి తీసుకొస్తాను. ఇక్కడినుంచి గంట దారే, ఎన్నిసార్లు బస్టాండుకి వెళ్లి వెనక్కి వచ్చేశానో. మీరు రమ్మనకుండా రావడానికి మొహం చెల్లలేదు.

అత్తయ్యతో ఒక్క మాట రాయించండి మామయ్యా. తిట్టినా ఫరవాలేదు.

వినీల


కొత్త కాలనీ, హనుమాన్ జంక్షన్ అవతల,
అక్టోబరు 19.

వినీలా,

విచారణకి వచ్చాను. వెనక వరసలో, గుమ్మం పక్కన కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు. చిక్కిపోయావు.

నువ్వు మైకు ముందు పావుగంట నిలబడ్డావు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. జనం మొహాలు చూస్తూ కూర్చున్నాను. మొదట్లో కోపంగా చూశారు. తర్వాత కొంతమంది ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. మధ్యలో ఒకచోట చౌడయ్య చటుక్కున వెనక్కి తిరిగి నావైపు చూశాడు. ఎందుకో అర్థం కాలేదు.

అయిపోయాక ఆయన నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. మే నెల తర్వాత మేం దగ్గరగా కూర్చోవడం అదే. నువ్వు చెప్పినవన్నీ తన చీరల చిట్టీ వెనక రాసి చూపించాడు. వంతెన అవతల రెండొందల ఇళ్ల ఫైలు వెనక్కి పంపుతున్నారట. ముందు అక్కడివాళ్లు నేల మీద గీసుకోవాలట, తర్వాత ఇంటింటికీ వెళ్లి కాయితం పైకి చదివి అప్పుడు సంతకం అడగాలట. మన ముక్క మాత్రం అయిపోయిన పని అన్నారట. అది నేను అనుకున్నదే. ఆ రెండొందల కొంపలు నిలబడటం మంచిదే. నువ్వు చేసింది మంచి పనే, ఒప్పుకుంటాను.

చివర చౌడయ్య ఇంకో వాక్యం రాశాడు. "మా అత్తయ్య డయాలసిస్ మనిషి, ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటోంది అని చెప్పింది. పిల్లకి నువ్వు చెప్పలేదా శౌరన్నా?"

నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆగస్టు తొమ్మిదో తారీఖు, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి మీ అత్తయ్య పోయింది.

ఇక్కడినుంచి వారానికి మూడుసార్లు బెజవాడ వెళ్లాలి. మెట్లు దిగి, ఆటోలో జంక్షన్‌కి వెళ్లి, అక్కడ బస్సెక్కి, దిగి మళ్లీ ఆటో ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నిలబడలేకపోయేది, బస్సులో కూర్చోడానికి చోటు దొరికేది కాదు. దగ్గర్లో వేరే ఆసుపత్రికి మార్పించడానికి కాయితాలు తిప్పుతూనే ఉన్నాను. రెండు వారాలు ఎలాగో వెళ్లాం. తర్వాత ఆమె మూడుకి బదులు రెండుసార్లు చాలంది. ఆ తర్వాత ఒకసారి చాలంది. "ఒళ్లు తేలిగ్గానే ఉందిలే, రెండ్రోజులాగి పోదాం" అని నా చెవిలో చెప్పింది. కాళ్లు వాచి ఉన్నాయి. నాకు కనపడుతూనే ఉంది. నేను గట్టిగా చెప్పలేదు. చివరికి ఆసుపత్రికి బయలుదేరిన ఆ రోజు లిఫ్టు లేదు. రెండో అంతస్తు దాకా దిగి మెట్ల మీద కూర్చుంది. మంచినీళ్లు తెస్తానని పైకి వెళ్లి వచ్చేలోపల అయిపోయింది. ఏమైనా పిలిచిందేమో నాకు తెలియదు. పిలిచినా వినపడదు.

దగ్గర్లో ఒక ఊరి చర్చి ఫాదరుగారు సమాధికి చోటిచ్చారు. మోయడానికి మనుషులు చాలకపోతే లారీ డ్రైవర్లు ఇద్దరు భుజం పట్టారు.

నీకు ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. జూన్‌లో నీ ఉత్తరం వచ్చిన రోజే ఆమెకి చదివి వినిపించాను. నువ్వు టైపు చేశానన్న ముక్క కూడా దాచలేదు. ఆమె, "పిల్లని ఒక్క మాట కూడా అనమాకండి. ఎవరో ఒకళ్లు చెయ్యాల్సిన పని దాని చేత చేయించారు. అది అన్నం తింటుందో లేదో" అంది. ఆమె అట్టా అన్నందుకు నాకు నీ మీద ఇంకా కోపం వచ్చింది. ఆమె పోయాక, నువ్వు ఆమె బతికుందనుకుంటూ ఉత్తరాలు రాస్తూ ఉండు, అనుకున్నాను. నీకు శిక్ష వేశాననుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ అందులో "అత్తయ్య ఎలా ఉంది" అని చదవాల్సింది నేనే. ఆమె నిన్ను పెంచింది. ఆమె మొహం చివరిసారి చూసే హక్కు నీకుంది. అది నేను తీసేశాను. ఇది నేను నీకు చేసిన తప్పు. నువ్వు చేసినదానికీ దీనికీ చెల్లు అని రాయడం లేదు.

కోపం పోయిందని అబద్ధం రాయలేను. కొన్ని పూటలు ఉంటుంది, కొన్ని పూటలు ఉండదు.

నవంబరు రెండో తారీఖు సమాధుల పండుగ. ఇక్కడి ఫాదరుగారు పొద్దున తొమ్మిదింటికి ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేస్తారట. ఆయన ఆగినప్పుడు ఇంటివాళ్లు పోయినవాళ్ల పేరు పైకి చెప్పాలి. ఆయన ఎప్పుడు అడుగుతారో నాకు తెలియదు. నా గొంతు ఎంత పైకి వస్తుందో కూడా నాకు తెలియదు.

జంక్షన్‌లో దిగితే ఆటోలు ఉంటాయి. నేను చర్చి గేటు దగ్గర నిలబడతాను. నువ్వు వచ్చి ఆమె పేరు చెప్పు.

మామయ్య